గోలి వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నం

చచ్చిపోలేదు. ఉట్నూరు దాటాక ఎక్కడో గుట్ట మీద, ఫోనుకు ఒకే ఒక్క గీత దొరికిన చోట బండి ఆపి సంపత్ చెప్పిన మొదటి మాట అదే, "సావలే జమునా, అది సావలే, కుబుసం ఇడుస్తున్నది, ఎల్లెల్కల పడుకునే ఇడుస్తది," అని. ఆ మాట వినగానే జమున రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడిపోయింది, ఎందుకంటే ఆ చేతులతో చేయగలిగింది ఇంకేమీ లేదు, పది వేళ్లకూ టోపీలు తొడిగినట్టు మైదాకు, గోరింటాకు ముద్ద, అరచేతుల్లో రెండు పెద్ద చందమామలు, వాటి చుట్టూ చుక్కలు, ఏది ముట్టుకున్నా దాని మీద ఆనవాలు మిగులుతుంది. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది, దాన్ని ముక్కుతో నొక్కి ఎత్తింది, ఇందాక "బావా, గోలి పోయింది బావా, కాళ్లు మీదికి పెట్టింది," అని ఏడుపు గొంతుతో వాయిస్ మెసేజి పంపిందీ ముక్కుతోనే. డిగ్రీ దాకా చదివింది కానీ ముక్కు ఇన్ని పనులకు అక్కరకొస్తుందని ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. చచ్చిపోలేదు, చచ్చిపోలేదు, అని లోపల ఏదో చిన్నపిల్ల గంతులేస్తుంటే, అవతల సంపత్ గొంతు గాలికి కొట్టుకుపోతూ, "ముట్టకు, డబ్బ కదిలియ్యకు, నీళ్లు సల్లకు, ఊకెనే సూసుకుంట కూసో. లోపల కీచురాయి గిట్ల ఏం లేదు గద? ఉంటే ముందు దాన్ని తియ్యి, ఇప్పుడు గోలి పానమంతా మెత్తగుంటది, అది గిన కొరికిందంటే..." అన్నాడు, అక్కడితో ఆ ఒక్క గీతా పోయింది.

గోలి అంటే సంపత్ పెంచుకుంటున్న టరాంటులా, అరచేయంత సాలెపురుగు, ఒళ్లంతా గోధుమరంగు నూగు, నడిస్తే ఎనిమిది కాళ్లూ వంతులవారీగా లేచి దిగుతాయి, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల అడుగుల్లా, ఒకరిని చూసి ఒకరు. హైదరాబాదు నుంచి తెచ్చినప్పుడు గోలీకాయలో సగం కూడా లేదట, అందుకే ఆ పేరు. ఇప్పుడు ఆ నడకంతా ఆగిపోయి, ప్లాస్టిక్ పెట్టెలో తానే నేసుకున్న తెల్లటి పరుపు మీద వెల్లకిలా పడుకుని, కాళ్లన్నీ వెడల్పుగా పరిచి, ఎండాకాలం మిద్దె మీద పడుకున్న మేనమామలాగా ఉంది. తిండి మానేస్తుందని సంపత్ ముందే చెప్పాడు, కడుపు నల్లబడుతుందని చెప్పాడు, ఇట్లా పడుకుంటుందన్న ముక్క మాత్రం మరిచిపోయాడు, కొత్త పెళ్లికొడుకులు మరిచిపోయే సంగతులకు లెక్కేముంది, తువ్వాల మరిచిపోతాడు, బండి తాళం మరిచిపోతాడు, గడప దాటి వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి "ఏదో మర్సిపోయిన" అని నిలబడతాడు, చేతిలో అన్నీ ఉంటాయి, మరిచిపోయింది ఆమెను ఇంకోసారి చూడటమే. జమున మోకాళ్ల మీద కూర్చుని, చేతులు గాలిలో ఉంచి, ముఖం పెట్టెకు ఆనీ ఆనకుండా పెట్టింది. లోపల ఏమీ ఉండదు, వచ్చినప్పటి నుంచి తను ఏమీ వేయలేదు, తాగడానికి నీళ్ల మూత, బోర్లించిన కొబ్బరి చిప్ప, కొబ్బరి పొట్టు, అంతే, అనుకుంటూ ఉండగా నీళ్ల మూత వెనక నుంచి రెండు సన్నటి మీసాలు లేచి, గాలిని తడిమి, మళ్లీ తగ్గాయి.

"అవ్వా, ఓ అవ్వా, జర రా," అని పిలిచింది, గట్టిగా పిలిస్తే పెట్టె అదురుతుందేమోనని సగం గొంతుతో, ఆ సగం గొంతు దొడ్లో బర్రెకు గడ్డి వేస్తున్న కన్నతల్లి రామవ్వ దాకా పోతుందో పోదో, బయట ముసురు, రేకుల మీద వాన గోల. పోకపోతే ఎట్లా. ఈ చేతులతో మూత తీయలేదు, తీస్తే మైదాకు రాలి లోపల పడుతుంది, మైదాకు సాలెపురుగులకు పడుతుందో లేదో సంపత్‌కు కూడా తెలియకపోవచ్చు, లోకంలో ఎవరికీ తెలియకపోవచ్చు, ఆషాఢంలో పుట్టింటికి సాలెపురుగును వెంటబెట్టుకొచ్చిన కోడలు తనకు ముందు ఎవరైనా ఉంటే కదా. కొత్త కోడలూ అత్తా ఒక గడప లోపల ఉండొద్దు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కొద్దు, అందుకని పెళ్లయి సరిగా పసుపు కూడా ఆరకముందే తను సుల్తానాబాద్ నుంచి చెన్నూరుకు వచ్చేసింది; సంపత్ జువాలజీ చెప్పే కాలేజీవాళ్లేమో వానలు మొదలవగానే లెక్చరర్లందరినీ ఊళ్ల మీదికి తోలుతారు, ఇంటింటికీ తిరిగి పది పాసైన పిల్లలను చేర్పించుకు రమ్మని, ఈసారి అతని వంతు ఆదిలాబాద్ అడవుల వైపు పడింది; ఇక ఇంట్లో మిగిలింది అత్తమ్మ పోశవ్వ, ఆమె "దాని రూము తలుపు నేను తియ్య. అది నన్ను సూడొద్దు, నేను దాన్ని సూడొద్దు," అని తేల్చేసింది. అంటే అత్తమ్మకూ గోలికీ నడుమ పన్నెండు నెలలూ ఆషాఢమే. ఇక్కడికి వచ్చేటప్పుడు బస్సులో ఇదే తలుచుకుని నవ్వుతుంటే, పక్కన కూర్చున్న ముసలమ్మ జమున ఒళ్లోని చున్నీ కప్పిన పెట్టెను చూసి, "ఏం పట్కపోతున్నవ్ బిడ్డ, సకినాలా," అంది, "అవునవ్వా, సకినాలే," అంది జమున, "మస్తు భద్రంగ పట్టుకున్నవ్, ఇరుగుతయనా," అంది ముసలమ్మ, అవును, విరుగుతాయి, కాళ్లు, ఎనిమిది. కండక్టరు తనకు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ముందుకు పోతే, ఫోనులో సంపత్, "గోలి ఆడదైతే దానికి సుత ఫ్రీనే, మగదైతే నువ్వు దొంగతనంగ తీస్కపోతున్నట్టు," అన్నాడు.

ఆడదో మగదో ఇంకా తెలియదు. విడిచిన కుబుసాన్ని మెత్తగా ఉన్నప్పుడే విప్పి, లోపలివైపు భూతద్దంతో చూస్తే తెలుస్తుందట. ఆడదైతే ఇరవై ఏళ్లు బతుకుతుంది. మగదైతే పెద్దయిందన్న గుర్తుగా ఆఖరి కుబుసం విడిచి, తోడు కోసం తిరిగి తిరిగి, ఏడాదికో ఏడాదిన్నరకో పోతుంది. ఈ సంగతి సంపత్ నవ్వుతూనే చెప్పాడు కానీ చెప్పేటప్పుడు పెట్టె మూతను అనవసరంగా ఓసారి తీసి మళ్లీ పెట్టాడు, అది జమున చూసింది. ఇరవై ఏళ్లంటే తనకు నలభై నాలుగు, అతనికి నలభై ఎనిమిది, పొట్ట వచ్చి ఉంటుంది, తప్పకుండా వచ్చి ఉంటుంది, వాళ్ల బాపు హనుమండ్లు మామయ్య పొట్ట చూస్తే తెలియడం లేదూ, పిల్లలు ఉంటారు, కాలేజీకి పోతుంటారు, వాళ్ల స్నేహితులు ఇంటికొచ్చి గోలిని చూసి తలుపు దగ్గరే ఆగిపోతారు, "మా అవ్వ బాపుల పెండ్లికంటే ముందుది ఇది," అని పిల్లలు గొప్పలు చెప్పుకుంటారు. ఇంతా ఆలోచించి తనలో తనే సిగ్గుపడింది, పిల్లల సంగతి సాలెపురుగు దగ్గర కూర్చుని తేల్చుకున్నందుకు. నీళ్ల మూత వెనక మీసాలు మళ్లీ లేచాయి.

ఆ కీచురాళ్లే అసలు పెళ్లినాటి రాత్రి గుట్టు రట్టు చేశాయి. పూలూ పండ్లూ అన్నీ సర్ది అందరూ వెళ్లిపోయాక, గదిలో ఇద్దరూ ఏం మాట్లాడాలో తెలియక ఫ్యానును చూస్తూ ఉంటే, బీరువా లోపల నుంచి కిర్రుమని మొదలైంది, ఒకటి కాదు, మేళం మొత్తం. "అది... బయట కావచ్చు," అన్నాడు సంపత్. "బీరువల ఉంది," అంది జమున. పెళ్లికొడుకు ముఖం చూడాలి అప్పుడు, పరీక్షలో చీటీతో దొరికిన పిల్లాడిలా, లేచి బీరువా తెరిచి, పట్టు చొక్కాల కింద బకెట్టు, అందులో గుడ్ల అట్టలు, అట్టల నిండా కీచురాళ్లు, ఆ బకెట్టు పక్కన గుడ్డ కప్పి గోలి, ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. "పెండ్లిసూపులప్పుడే చెప్దామనుకున్న. మా అవ్వ కాలు తొక్కింది," అన్నాడు. జమున ఎంత నవ్విందంటే అవతలి గదిలో చుట్టాలు దగ్గారు. ఆ రాత్రే తెలిసింది, గోలికి ముందు ఒకటుండేదని, బొగ్గు దాని పేరు, నల్లటిదట, కుబుసం విడుస్తూ సగంలో ఇరుక్కుని, ఒక రోజంతా గింజుకుని పోయిందట. సంపత్ అన్నం ముట్టక, గడ్డం పెంచి, గోడ వైపు తిరిగి పడుకుంటే, పోశవ్వ అది చూసి వేరే అర్థం తీసింది, కాలేజీలో ఏ పిల్లో కాదన్నదని, కొడుకు చేజారిపోతున్నాడని, కొండగట్టు అంజన్నకు మొక్కి, ఆ నెలలోనే సంబంధాలు చూడమని నలుగురినీ పరుగులు పెట్టించింది. ఆ పరుగుల్లో చెన్నూరు సంబంధం తగిలింది. అంటే ఒక సాలెపురుగు ఇరుక్కుపోవడం వల్ల తన పెళ్లయింది, అని జమున అప్పుడు నవ్విందే కానీ, ఇప్పుడు ఈ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాక అదే మాటకు నవ్వు రావడం లేదు, ఎందుకంటే ఇరుక్కుపోవడం ఉత్త మాట కాదు, ఇప్పుడిక్కడ, తన చేతుల కింద జరగొచ్చు, అతను ఇంకోసారి గోడ వైపు తిరిగి పడుకోవచ్చు, ఈసారి ఆ గోడ పక్కన తనే ఉంటుంది. పోయేటప్పుడు అతను చెప్పింది ఒకే మాట, "నీకు ఇస్తున్న," అని, దాన్ని చూసుకో అనలేదు, జాగ్రత్త అనలేదు.

"ఏందే, గట్ల గునుసుకుంట పిలుస్తవ్. అయిపోయిందా పాపం," అంటూ అవ్వ కొంగుతో తల తుడుచుకుంటూ వచ్చింది.

"అయిపోలే. కుబుసం ఇడుస్తున్నదట. లోపలికి కీచురాయి ఎట్ల పోయింది అవ్వా?"

అవ్వ గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూసింది. "నాకేం ఎరుక."

"అవ్వా."

"నేనే ఏసిన, నువ్వు తెచ్చిన కీచురాళ్ల డబ్బలకెల్లి. ఏం జెయ్యమంటవ్. అచ్చిన కాడి సంది ఒక్కటి ముట్టలే. అల్లుని ఇంటి నుంచి అచ్చిన పానం మనింట్ల ఎండుకుంట పోతే రేపు మీ అత్త ఏమంటది. వాళ్లింట్ల తిండికి కరువు అనదా."

"అత్తమ్మ దాని మొఖమే సూడదు."

"సూడకున్నా అంటది. అనుటానికి సూసుడెందుకు."

"ఎన్ని ఏసినవ్?"

"ఒకటే," అంది అవ్వ. కొంగు సర్దుకుని, "ఒకటంటే, మొదలు ఒకటి. అది ముట్టకపోయే. చిన్నదని తింటలేదేమో అని పెద్దదొకటి ఏసిన."

"మల్ల?"

"మల్ల ఇంకోటి. తోడుంటదని."

నవ్వాలో ఏడవాలో తెలియని చోట జమునకు ఎప్పుడూ నవ్వే ముందొస్తుంది, పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా అంతే, అందరూ ఏడుస్తుంటే బాపు అంతయ్య తలపాగా జారి ముక్కు మీదికి రావడం చూసి నవ్వింది, ఆ ఫొటో ఆల్బంలో ఉంది, పెళ్లికూతురు పళ్లన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు నవ్వు మింగేసింది, పెట్టె అదురుతుందని. ఈ అవ్వే కదా మొదటి రోజు పెట్టె మీది చున్నీ తీసి, రెండడుగులు వెనక్కి వేసి, "బంగారం లాంటి పిల్లనిస్తే గిదా పంపింది," అంది, రెండో రోజు వాకిట్లో నుంచే "తిన్నదా అది," అని అడిగింది, మూడో రోజు గదిలోకి వచ్చి అడిగింది, ఆ తర్వాత అడగడం మానేసింది, అడగడం మానేసిందంటే చేయడం మొదలుపెట్టిందని ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్న కూతురికి తట్టి ఉండాల్సింది. ఈ ఇంట్లో ఎవరూ ఆకలితో పడుకోరాదు, కరెంటు బిల్లు రాయడానికి వచ్చినతను కూడా ఏదో ఒకటి నములుతూనే బయటికి పోతాడు.

"నేను తీస్త ఆగు," అని అవ్వ మూత మీద చెయ్యి వేసింది, వేస్తూనే కళ్లు గట్టిగా మూసుకుంది, మూసుకున్న కళ్లతో వేసిన చెయ్యి కదా, పెట్టె కిర్రున జరిగింది, లోపల గోలి కాలి కొస ఒకటి వణికింది. "వద్దవ్వా, వద్దు, నేను కడుక్కొనస్త," అని జమున లేచింది. "కడుగుతవా. ఇప్పుడే గదనే పెట్టిన. ఎర్రగ పండకపోతే మొగనికి నీ మీద పావురం లేదు, ప్రేమ లేదంటరు మంది," అంది అవ్వ, నిజంగా బాధపడుతూ, పొద్దున్నించి ఆకు దూసి, చింతపండు వేసి, రోట్లో నూరి నూరి ఆమె భుజం పట్టేసింది మరి. జమునకూ ప్రాణం ఉసూరుమంది, నల్లగా పండేదాకా ఉంచుకుని వీడియో కాల్‌లో రెండు చేతులూ తెరకు అడ్డం పెట్టి, "సూడు నీ పావురం ఎంతుందో," అని ఆటపట్టించాలని రోజంతా పథకం వేసుకుంది, ఆ మాట అనేటప్పుడు ముఖం ఎట్లా పెట్టాలో కూడా అనుకుంది. నల్లా కింద చేతులు పెడితే ఆకుపచ్చటి ముద్దలు జారి జారి కాలువలో పడ్డాయి, వేళ్లు లేత నారింజ రంగులో బయటికొచ్చాయి, పండీ పండని జామకాయల్లా, చందమామలైతే ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. చెయ్యి తుడుచుకుంటూ ఉంటే ఒక చిత్రమైన తేలిక వచ్చింది, అతని పావురం సంగతి తనకు తెలుసు కదా, ఇంకొకరికి రంగులో చూపించాల్సింది ఏముంది, అని కాదు, అట్లా అనుకుంటే గొప్పలు పోయినట్టుంటుంది, ఎర్రగా పండితే బాగానే ఉండేది, కానీ ఈ చేతులు ఇప్పుడు పనికొస్తాయి, అంతే.

కీచురాళ్లను పట్టే పొడుగు చిమటా సుల్తానాబాద్‌లో ఉండిపోయింది. చాయ్ గాజు గ్లాసు ఒకటి, అడుగున తోయడానికి గట్టి కాగితం ఒకటి కావాలంటే అవ్వ బీరువా మీది మిగిలిపోయిన పెళ్లి కార్డుల కట్టలోంచి ఒకటి లాగి ఇచ్చింది, జమున వెడ్స్ సంపత్ అని బంగారు అక్షరాలు, కింద రెండు హంసలు. పెట్టె మూత మెల్లగా తీసింది. శ్వాస కూడా పక్కకు తిప్పి వదిలింది. మొదటిది నీళ్ల మూత వెనకే దొరికింది, గ్లాసు బోర్లించి, హంసలను నెమ్మదిగా దాని కిందికి తోసి, ఎత్తి, అవ్వ చేతికిచ్చింది, అవ్వ దాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని వాకిట్లోకి పరుగుతీసింది. పెద్దది మూల దాకా పాకి అక్కడ నుంచి గోలి పరుపు వైపు తిరిగింది, తెల్లటి దారాల అంచు మీద ముందుకాళ్లు పెట్టి ఆగింది, జమున చేతిలో గ్లాసు కూడా గాలిలో ఆగింది, అరచేతిలో చెమట, చెమటకు గ్లాసు జారుతుందేమోనని భయం, బొగ్గు ఎన్ని గంటలు గింజుకుని ఉంటుంది, అతను దాని పక్కన ఎట్లా కూర్చుని ఉంటాడు, ఒక్కడే కూర్చుని ఉంటాడు, గ్లాసు దిగింది. దొరికింది. మూడోది, ఆ తోడు కోసం వేసినది, ఎక్కడా లేదు. కొబ్బరి చిప్ప కిందే ఉండాలి, చిప్ప గోలి కాళ్లకు బెత్తెడు దూరంలో ఉంది, దాన్ని ఎత్తితే పొట్టు కదులుతుంది. "జర నిదానం బిడ్డా," అంది అవ్వ చెవి దగ్గర, ఆ గొంతు విని జమున ఉలిక్కిపడింది, ఎందుకంటే అవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి, ఆ మాట తనతో అనలేదు, గోలితో అంటోంది.

చిప్ప లేచిన క్షణంలోనే కీచురాయి ఎగిరి, అదృష్టం చూడండి, నేరుగా గ్లాసులోకే దూకింది, అదే క్షణంలో గోలి వీపు పక్కన చర్మం సన్నగా పగిలింది, సీసా మూత ఊడినట్టు పైచిప్ప తెరుచుకుంది. గ్లాసు మీద హంసలను మూసి పక్కన పెట్టాక ఇక ఇద్దరూ కదలలేదు. అవ్వ ముక్కాలిపీట లాక్కుని, కాన్పు చేసే మంత్రసానిలా ముందుకు వంగి కూర్చుంది. గోలి మొత్తం ఒకసారి బిగుసుకుంటుంది, వదులవుతుంది, బిగుసుకుంటుంది, ప్రతిసారీ ఎనిమిది కాళ్లూ వెంట్రుకవాసి బయటికి జరుగుతాయి, ఇరుకు గాజులు అరచేయి దాటించేటప్పుడు బొటనవేలు ఎముక దగ్గర పడే అవస్థ అది, సబ్బు లేదు, నూనె లేదు, చేయి పట్టుకునేవాళ్లు లేరు. "మోకాళ్లు దాటినయి," అంది అవ్వ. "సాలెపురుగుకు మోకాళ్లేంది." "ఉంటయి, నువ్వు నోరు మూసుకో." ఏడు కాళ్లు వచ్చాయి, తడిగా, మెత్తగా, పాలిపోయిన గులాబీ రంగులో, ఎనిమిదోది, ఎడమవైపు వెనకది, రావడం లేదు. గోలి ఆగిపోయింది. వాన కూడా పలచబడి, రేకుల అంచు నుంచి చుక్కలు మాత్రం. జమున చూపుడువేలు తనంతట తను పెట్టె వైపు కదిలింది, పట్టుకుని ఒక్క పిసరు లాగితే చాలనిపించింది, ముట్టకు అన్నాడు, కానీ ముట్టుకోకపోతే, ముట్టుకుంటే, అవ్వ ఆ వేలిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది, వదల్లేదు. "దాని పని అది చేస్తది. నీ కాన్పుల మీ నాయినమ్మ తొందరపడి లాగబోతే నేను కాలితోని తన్నిన," అంది, జమున ఇన్నేళ్లలో ఎప్పుడూ విననిది, అడుగుదామని అవ్వ వైపు తిరిగే లోపల గోలి ఇంకోసారి బిగుసుకుంది, ఎనిమిదో కాలు సర్రున వచ్చేసింది.

పక్కన ఒలిచిన కుబుసం పూర్తి సాలెపురుగులా కూర్చుని ఉంది, ఖాళీది, గోళ్లతో సహా. అసలుది దాని పక్కన కొత్త ఒంటితో, కోరలు కూడా పాలపళ్లలా తెల్లగా, తన కాళ్లను తనే నమ్మలేనట్టు ఒక్కొక్కటీ చాచి చూసుకుంటోంది. జమున ఫొటోలు తీస్తే మొదటి మూడూ మసకగా వచ్చాయి, నాలుగోది బాగొచ్చింది, పంపితే ఒకే టిక్కు పడి ఆగింది, చాలాసేపటికి ఫోనే మోగింది. "సూసిన," అన్నాడు సంపత్, ఆ వెనక గాలి వినిపించింది, ఆదిలాబాద్ గాలి, టేకు ఆకుల మీద వాన, అతను ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "బావా, ఏడుస్తున్నవా," అంది జమున, తనూ అదే పనిలో ఉండి. "లే, సర్ది," అన్నాడు. తర్వాత ఒకేసారి మాటలు తోసుకొచ్చాయి, వారం దాకా తిండి పెట్టకు, నీళ్ల మూత నింపి ఉంచు, దాని దగ్గర నుంచి కుబుసం మెల్లగా తియ్యి, తడి ఆరకముందే చిన్న డబ్బాలో తడి గుడ్డ మీద పెట్టు, ఆరితే చిట్లిపోతది, నేనే చూడాలి, ఫొటోలో తెలియదు, కానీ ఎట్లా, నేను మీ ఇంటికి రావద్దు కదా, ఆషాఢం ఇంకా చాలా ఉంది.

అవ్వ ఫోను లాక్కుంది. ఫోనును చెవికి కాక నోటి ముందు పట్టుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టు మాట్లాడుతుంది ఆమె. "అల్లుడా, గడప తొక్కద్దన్నరు గాని బస్టాండు తొక్కద్దని ఎవలనలే. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు మేము మంచిర్యాల వస్తున్నం, నువ్వు అటు నుంచి రా. నీ భూతద్దం తెచ్చుకో. నేను సర్వపిండి చేసుకొనస్త. ఆడదైనా మగదైనా, అక్కడ్నే, నా ముందల్నే సూసి చెప్పాలె."